కొండ మీద ‘నాన్నా’ అని పిలిచింది ఎవరిని?

ఈసారి ఉత్తరం గుంటూరు జిల్లా నుంచి వచ్చింది. రాసిన అమ్మాయికి 27 ఏళ్లు. ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తుంది, ఆదివారం సండేస్కూల్ పిల్లలకు పాఠాలు చెబుతుంది. పేరు వేయొద్దంది. ఉత్తరం ఆరు పేజీలుంది కాబట్టి సంగతి నా మాటల్లో చెబుతాను.

డిసెంబరులో వాళ్ల చర్చి యూత్ 14 మంది ఆరు రోజుల మిషన్ ట్రిప్‌కి పాడేరు పైనున్న గిరిజన ఊళ్లకు వెళ్లారు. పగలు మెడికల్ క్యాంపు, పిల్లలకు దుప్పట్లు పంచడం, సాయంత్రం ప్రార్థన కూడిక, రాత్రి బడి గదిలో పడక. మూడో రోజు తెల్లవారకముందే చలికి నిద్రపట్టక ఈ అమ్మాయి శాలువా కప్పుకుని బయటికి వచ్చింది. కాఫీ మొక్కల మధ్య దారి పట్టుకుని కొండ అంచు దాకా నడిచింది. కింద లోయంతా మేఘం, పాలు పొంగి అలాగే నిలిచిపోయినట్టు. సూర్యుడు పైకి వచ్చేసరికి కాళ్లలో బలం పోయి కూర్చుండిపోయింది, ఏడ్చింది. నోట్లోంచి వచ్చిన మాట ఒక్కటే, ‘నాన్నా’. పది నిమిషాలో గంటో తెలియదు. “దేవుడు నా పక్కన ఉన్నాడని ఇన్నేళ్లూ నమ్మాను, ఆ రోజు తెలిసింది” అని రాసింది.

ఇంతలో నెత్తిన కట్టెల మోపుతో ఒక ముసలమ్మ వచ్చింది. మోపు దించి, ఎదురుగా ఉన్న కొండకు చేతులు జోడించి, ఈ అమ్మాయి ఏడవడం చూసి పక్కన కూర్చుంది. తన సత్తుగిన్నెలోని చోడి (రాగి) అంబలి కాస్త తాగమని ఇచ్చింది. ఒకరి మాట ఒకరికి సగం కూడా అర్థం కాలేదు.

ఆ రాత్రి టీమ్ అందరి ముందు ఈ సంగతి చెబితే లీడర్ అన్న ముఖం మారిపోయింది. సృష్టిని కాదు సృష్టికర్తను చూడాలి, సాతాను వెలుగుదూత వేషంలో వస్తాడు, పైగా కొండకు మొక్కే మనిషి పక్కన కూర్చుని అది దేవుడే అనుకోవడం ప్రమాదం అన్నాడు. ఊరికొచ్చాక వచ్చే ఆదివారం చర్చిలో ట్రిప్ రిపోర్టు చెప్పమని ఈ అమ్మాయికే అప్పగించారు. అయ్యగారి (పాస్టరు గారి) భార్య, అమ్మగారు ఫోన్ చేసి, ఎన్ని కూడికలు జరిగాయి, యేసును నమ్ముతామని ఎంతమంది చేతులెత్తారు, అవి చెప్పమ్మా, కొండ సంగతి వదిలెయ్ అన్నారట. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి తెల్లవారుజామున మేడ మీద కూర్చుంటే ఏమీ అనిపించడం లేదు. ఉద్యోగం మానేసి అక్కడికే వెళ్లి ఉండిపోవాలనిపిస్తోంది. సంబంధాలు చూస్తున్న తల్లి ఆ మాట విని ఒకటే ఏడుపు. అడిగినవి ఇవీ: అది నిజంగా దేవుడేనా? దేవుడు అక్కడ ముందే ఉంటే మేం వెళ్లింది దేనికి? ఆదివారం ఏం చెప్పాలి?

అమ్మా, నన్ను ఆంటీ అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగో పేజీలో, సంబంధాల సంగతికీ జీతం సంగతికీ మధ్యలో ఒక వాక్యం ఉంది: “నాన్న 2021లో కోవిడ్‌తో పోయారు, చివరి చూపు కూడా దక్కలేదు.” అంతే, తర్వాతి వాక్యంలో మళ్లీ లీడర్ అన్న గురించే. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను.

ఆ కొండ సంగతి ఇక్కడ మొదలైందని నాకనిపిస్తోంది. తండ్రి పోయిన నాటి నుంచి ఇంటికి నువ్వే దిక్కు. అమ్మ ముందు ఏడవలేవు, ఆఫీసులో ఏడవలేవు, చర్చిలో ఏడిస్తే విశ్వాసం తక్కువైందంటారు. నాలుగేళ్లుగా ప్రార్థన చేస్తున్నా “మాటలు గోడకు తగిలి కింద పడుతున్నట్టు” ఉందని నువ్వే రాశావు. ఫోన్ సిగ్నల్ లేని చోట, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని ఒక గంటలో, ‘నాన్నా’ అన్నావు. ఎవరిని పిలిచానో నాకే తెలియదు అంటున్నావు. తెలియకపోతే ఏమైందమ్మా? పిలిచింది ఇద్దర్నీ కావచ్చు. ప్రార్థన నేర్పమని శిష్యులు అడిగితే యేసు నేర్పిన మొదటి మాట కూడా అదే కదా.

అయితే అదంతా దుఃఖమే, దేవుడు కాదు అంటారా ఆంటీ అని అడుగుతావేమో. అలా అనను. నిద్రలేమి, చలి, నిశ్శబ్దం, ఎత్తైన చోటు, దాచుకున్న ఏడుపు, ఇవన్నీ మనిషి మనసును మెత్తన చేస్తాయి, నిజమే. మెత్తబడిన చోటికి దేవుడు రాడని ఎవరు చెప్పారు? బైబిల్లో యోబు సంగతి చూడు. పిల్లల్ని పోగొట్టుకున్న మనిషి. స్నేహితులు వచ్చి 30 అధ్యాయాలకు పైగా వాదించారు, ఒక్క మాటా ఆయన్ని ఓదార్చలేదు. చివరికి 38వ అధ్యాయంలో దేవుడు నోరు విప్పితే, పిల్లలు ఎందుకు పోయారో ఒక్క ముక్క చెప్పడు. మంచు ఎక్కడ దాచిపెట్టానో చూశావా, సముద్రానికి గడియ పెట్టింది ఎవరు, కొండమేకలు ఈనే కాలం నీకు తెలుసా, కాకి పిల్లలు ఆకలితో అరిస్తే వాటికి తిండి ఎవరు పెడతారు అని అడుగుతూ పోతాడు. చిన్నప్పుడు నాకు ఈ అధ్యాయాలు చదివితే కోపం వచ్చేది, ఏడుస్తున్న మనిషితో మేకల గురించి మాట్లాడతాడేమిటి అని. మా నాన్నగారు పోయాక అర్థమైంది. ఎందుకు పోయారన్న దానికి ఎంత మంచి కారణం చెప్పినా ఆ రోజుల్లో నా చెవికి ఎక్కేది కాదు. లోకం ఇంకా దేవుడి చేతిలోనే ఉందని చూపిస్తే మాత్రం కాస్త ఊపిరి ఆడింది.

మా నాన్నగారు డెల్టాలో ఒక చిన్న ఊరి చర్చికి ఉపదేశి, అంటే వాక్యం చెప్పేవారు. పొద్దున్నే సైకిలు తోసుకుంటూ కాలవ గట్టు మీదికి వెళ్లి, తుమ్మచెట్టు కింద సైకిలు ఆనించి, అక్కడ నిలబడి ప్రార్థన చేసేవారు. గుడి తాళం ఆయన దగ్గరే ఉండేది, అయినా గట్టుకే వెళ్లేవారు. ఎందుకు నాన్నా అంటే, యేసు పెందలకడనే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లాడని మార్కు సువార్తలో ఉంది, మనకు అరణ్యం లేదు, గట్టు ఉంది అనేవారు.

కాబట్టి అది దేవుడేనని నేను సర్టిఫికెట్ ఇవ్వలేను కానీ, దేవుడు అలా రాడని మాత్రం ఎవరూ నీకు చెప్పలేరు. యాకోబు ఇల్లు వదిలి పారిపోతూ దారిలో రాయి తలగడగా పెట్టుకుని పడుకున్న మనిషి, దేవుణ్ణి వెతుకుతున్నవాడు కాదు. లేచి, యెహోవా ఈ స్థలంలో ఉన్నాడు, నాకు తెలియలేదే అన్నాడు. అక్కడ గుడీ లేదు, పాస్టరూ లేడు.

మీ లీడర్ అన్న మాటలో ఉన్న నిజం కూడా చెప్పాలి. సూర్యచంద్రులను చూసి వాటికి మొక్కవద్దని ద్వితీయోపదేశకాండం 4వ అధ్యాయంలో ఉంది. అతని భయం వట్టి చాదస్తం కాదు, అంతమంది పిల్లల్ని వెంటేసుకుని వెళ్లినవాడికి బాధ్యత ఉంటుంది. కానీ ఆ హెచ్చరిక నీకు వర్తించిందా? నువ్వు సూర్యుణ్ణి చూసి ‘నాన్నా’ అనలేదు కదా. రోమా పత్రిక 1వ అధ్యాయంలో పౌలు, దేవుడి శక్తి ఆయన చేసిన వాటిని ఆలోచిస్తే తేటపడుతుందని రాశాడు. నువ్వు చేసింది ఆ ఆలోచనే, కాకపోతే మోకాళ్లతో చేశావు. మీ అన్న తప్పు హెచ్చరించడంలో లేదు. ఏడ్చి వచ్చిన పిల్లను, ఎందుకు ఏడ్చావమ్మా అని ఒక్కసారి కూడా అడక్కుండా అందరి ముందు హెచ్చరించడంలో ఉంది. ఆ మాట అతనితో నేరుగా, ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పు. వాదనకు దిగకు. అన్నా, ఆ రోజు నాకు బాధేసింది అను చాలు.

కొండ అనగానే మన సంఘాల్లో కొందరికి కంగారు గానీ, తెలుగు సంఘం పుట్టిందే సగం కొండల మీద. ఒంగోలులో ప్రార్థన కొండ ఉంది, ఎప్పుడైనా ఎక్కావా? 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికా మిషనరీ జ్యూవెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఆ కొండెక్కి ప్రార్థన చేశారు. నెల్లూరు మిషన్ ఫలించడం లేదు, మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు ఆలోచిస్తున్న రోజులవి. కింద ఊరు, పైన ఐదుగురు, తూర్పున వెలుగు. ఇక సువార్తికుడు బక్త్ సింగ్ గారు 1941లో మద్రాసు దగ్గర పల్లావరం కొండ మీద తోటివాళ్లతో రాత్రంతా ప్రార్థనలో గడిపాక మొదలుపెట్టిన సహవాసానికి పెట్టుకున్న పేరు యెహోవా షమ్మా. ఆ మాటకు అర్థం చూడు, యెహోవా అక్కడ ఉన్నాడు.

ఒంగోలు కథలో నాకు కొండ కన్నా దిగాక జరిగినదే ముఖ్యం. అది నీ రెండో ప్రశ్నకు కూడా పనికొస్తుంది. ఆ ప్రార్థన జరిగిన 20 ఏళ్ల పైచిలుకు తర్వాత ఘోరమైన కరువు వచ్చింది. అప్పటికి ఒంగోలులో ఉన్న మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో 3 మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇప్పించారు. ఆ సమయంలో వేలమంది బాప్తిస్మం కావాలని అడిగారు. ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వస్తున్నారో దేవుడి కోసం వస్తున్నారో తేలాలని ఏడాదికి పైగా ఆపేశారు. కరువు సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ లెక్క మన పుస్తకాలన్నిటిలో ఉంటుంది. లెక్క ముందున్న ఏడాది ఆగడం గురించి మాత్రం ప్రసంగాల్లో ఎవరూ చెప్పరు, అది నాకు బాధ.

మీరు ఉదయం దుప్పటి ఇచ్చి సాయంత్రం చేతులెత్తమన్నారు. కొండ ఊళ్లలో ఇంటికొచ్చిన మనిషి అడిగితే కాదనలేరు, మందులిచ్చినవాళ్లు అడిగితే అసలే కాదనలేరు. అందుకని “38 మంది చేతులెత్తారు కానీ ఎందుకెత్తారో నాకు తెలియదు” అన్న నీ అనుమానం చాలా నిజాయితీ గల అనుమానం. ఈ ఒక్క విషయంలో గట్టిగా చెబుతున్నాను: నీకు నమ్మకం లేని సంఖ్యను విశ్వాసంలోకి వచ్చినవాళ్ల లెక్కగా నీ నోటితో చెప్పకు. సాయంత్రం కూడికకు ఇంతమంది వచ్చారు అని చెప్పవచ్చు, అది చూసిన సంగతి.

దేవుడు ముందే అక్కడ ఉంటే వెళ్లడం దేనికి? మీ బస్సు ఎక్కి దేవుడు పాడేరు ఘాటీ దాటలేదమ్మా. లుస్త్రలో పౌలు ఆ ఊరివాళ్లతో ఏమన్నాడో అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయంలో చదువు. మీకు వానలు కురిపించి, పంటలిచ్చి, ఆహారంతో మీ హృదయాల్ని నింపినవాడు ఆయనే, సాక్ష్యం లేకుండా మిమ్మల్ని వదిలేయలేదు అన్నాడు. అలా అన్నాక ఊరుకున్నాడా అంటే ఊరుకోలేదు, ఆ మాట చెప్పడానికే అంత దూరం వెళ్లాడు. ఇక్కడ విశ్వాసుల్లోనే రెండు దారులున్నాయి. కొందరు నోటితో చెప్పకపోతే వెళ్లినట్టే కాదంటారు, కొందరు ముందు వాళ్లతో బతకండి, అడిగినప్పుడు చెప్పండి అంటారు. నేను రెండో వైపు మొగ్గుతాను, మొదటి వాళ్లలో కూడా నిజమైన ప్రేమ ఉన్నవాళ్లను చూశాను.

ఆ ముసలమ్మ సంగతి జాగ్రత్త. ఆమె కొండకు చేతులు జోడించినప్పుడు మనసులో ఏముందో నీకు తెలియదు, నాకూ తెలియదు. ఆ కొండ ఆమెకు నీళ్లు, కట్టెలు, చోళ్లు, కాఫీ గింజలు, పురుడొస్తే డోలీలో మోసుకుపోయే దారి, వేటకు వెళ్లే ఇటుకల పండగ, అత్తమామల జ్ఞాపకం. నువ్వు ఆరు రోజులు చూశావు, ఆమె డెబ్భై ఏళ్లు చూసింది. ఆమె మొక్కిందీ నేను పిలిచిందీ ఒకటే అని నువ్వు తీర్మానించకు, ఆమె పక్కన దయ్యముందని ఎవరైనా అంటే ఒప్పుకోకు. జరిగింది మాత్రం చెప్పు: ఇవ్వడానికి వెళ్లిన నేను ఏడుస్తుంటే, భాష తెలియని ఒక అమ్మ తన అంబలి కాస్త ఇచ్చింది. ఆమెను నీ సాక్ష్యంలో ఉదాహరణగా వాడుకోవడం కూడా వద్దు, ఆమె నిన్ను అందుకోసం ఓదార్చలేదు.

ఇక ఆదివారం. అమ్మగారు చెప్పినట్టు కూడికలు, దుప్పట్లు చెప్పి దిగిపోవచ్చు. ఎవరికీ ఇబ్బంది ఉండదు, కానీ ఆ రాత్రి నీకు నిద్ర పట్టదని నీ ఉత్తరమే చెబుతోంది. లేదూ మొత్తం చెప్పేస్తావా, వెనక బెంచీల్లో ఎవరో ఒకరు కళ్లు తుడుచుకుంటారు, తండ్రిని పోగొట్టుకున్నది నువ్వొక్కదానివే కాదు కదా. కానీ మధ్యాహ్నానికల్లా అది వాట్సాప్‌లో రకరకాలుగా తిరుగుతుంది, లీడర్ అన్నకు అందరి ముందు తల తీసేసినట్టవుతుంది, మైకులో నీ ఏడుపు విని మీ అమ్మ అక్కడే కూలబడుతుంది. ఇంకోటి కూడా ఉంది, లోపలి సంగతి ఎక్కువసార్లు చెబితే కొన్నాళ్లకు మనం చెప్పిన కథే గుర్తుంటుంది, జరిగింది చెదిరిపోతుంది. నాకు అలా ఒకటి పోయింది.

మధ్యే దారి, శనివారం లోపే అయ్యగారిని కలువు. అమ్మగారి ద్వారా వద్దు, నేరుగా ఆయన్నే. ఇలా జరిగింది, రెండు మూడు మాటల్లో చెబుదామనుకుంటున్నాను అని చెప్పు. ఆయన సరే అంటే నీ వెనక ఒక పెద్ద దిక్కు ఉంటుంది. వద్దంటే ఈసారికి రిపోర్టు ఇంకొకరికి ఇవ్వమని అడుగు, కూడికల లెక్క రాసిచ్చెయ్. అలా తప్పుకుంటే కొన్నాళ్లు గుసగుసలుంటాయి, సండేస్కూలు పని కూడా కాస్త ఇరుకవుతుందేమో, అది ముందే తెలుసుకుని దిగు. చెప్పే పక్షంలో కీర్తన 19 చదివి, నాన్న పోయాక చాలాకాలం నేను ప్రార్థన చేయలేకపోయాను, ఆ కొండ మీద చేయగలిగాను, దేవుడికి స్తోత్రం అని కూర్చో. అందులో అబద్ధం లేదు, నీ లోపలిదంతా బయట పడేసుకున్నట్టూ ఉండదు.

ఉద్యోగం మానేసే మాటకొస్తే, యేసు రూపం మారి వెలిగిన రూపాంతరపు కొండ మీద ఆయన శిష్యుడు పేతురు కూడా ఇక్కడే మూడు పర్ణశాలలు కడదామన్నాడు. కట్టనివ్వలేదు. దిగేసరికి కింద మూర్ఛరోగంతో బాధపడుతున్న కొడుకుతో ఒక తండ్రి ఎదురుచూస్తున్నాడు. నీకు వచ్చింది పిలుపు కావచ్చు, తప్పించుకోవాలన్న కోరిక కూడా కావచ్చు, రెండూ కలిసి కూడా ఉండవచ్చు. ఇప్పుడే మానేస్తే ఇంటి జీతం ఆగిపోతుంది, అమ్మ మీద అప్పు పడుతుంది, అక్కడ నీ చేతిలో ఏ పనీ లేకుండా ఉంటావు. అలాగని ఆ మాట మళ్లీ ఎత్తకుండా మింగేస్తే ఇంకో ఐదేళ్లకు అది వేరే రూపంలో పైకొస్తుంది. నేనైతే ముందు జూలైలో పది రోజులు సెలవు పెట్టి వెళ్లి చూడమంటాను. వలిసె పూలుండవు, మేఘాల లోయ చూడ్డానికి వచ్చేవాళ్లుండరు, వాన, బురద, జలగలు, జ్వరాలు ఉంటాయి. దుప్పట్లు లేకుండా, మైకు లేకుండా వెళ్లు. అక్కడ ఏళ్లుగా పనిచేస్తున్న నర్సునో టీచరునో పట్టుకుని వెంట తిరుగు, వాళ్ల మాట నాలుగు ముక్కలు నేర్చుకో. అప్పటికీ ఉండాలనిపిస్తే ఏం చదువుకుని వెళ్తే వాళ్లకు పనికొస్తావో ఆలోచించు. సంబంధం కుదిరేటట్టుంటే ఆ అబ్బాయికి ఈ సంగతి ముందే చెప్పు, దాచి పెళ్లి చేసుకోకు.

మేడ మీద ఏమీ అనిపించడం లేదన్నావు. ప్రవక్త ఏలీయాకు గుహ దగ్గర మెల్లని స్వరం వినబడింది ఒక్కసారే. తర్వాత వచ్చిన మాట, వచ్చిన దారినే తిరిగి వెళ్లు అని. ఆ పొద్దుటి అనుభవం మళ్లీ రప్పించాలని కూర్చుంటే ప్రతి రోజూ ఓడిపోయినట్టే లేస్తావు. దాన్ని వెతకడం కొన్నాళ్లు మానెయ్. మేడ మీద పది నిమిషాలు ఊరికే కూర్చో, ఫోన్ కింద పెట్టి రా, ఒక కీర్తన చదివి దిగిపో.

ఇంకొకటి. సమాధుల తోటకు నాన్నను తీసుకెళ్లినవాళ్లు ఎవరో, నువ్వు దూరంగా ఆటోలో కూర్చుని చూశానని రాశావు. తర్వాత ఎన్నిసార్లు వెళ్లావో రాయలేదు. వెళ్లలేదనే అనుకుంటున్నాను. రిపోర్టు ఎలా జరిగినా జరగనీ, సోమవారం ఆఫీసుకు ముందు తెల్లవారుజామున అమ్మను తీసుకుని వెళ్లు. అమ్మకు కొండ సంగతి అక్కడ చెప్పు, ‘నాన్నా’ అని పిలిచిన మాట కూడా. ఆమె ఏడుస్తుంది, నువ్వూ ఏడుస్తావు, ఆపకు. ఫ్లాస్కులో టీ పట్టుకెళ్లు, ఆ వేళకు అక్కడ కొట్లేవీ తెరిచి ఉండవు.